పర్లాకిమిడి రైలు మార్గం: ఒక చిన్న లైను చేతులు మారిన కథ

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ జంక్షన్ నుంచి ఒడిశాలోని గుణుపూర్ వరకు సాగే శాఖా మార్గం పొడవు 90 కిలోమీటర్లు. వాల్తేరు డివిజన్ విభజనకు కేంద్ర మంత్రివర్గం 2025 ఫిబ్రవరిలో ఆమోదించిన ప్రణాళిక ఈ మార్గాన్ని పర్లాకిమిడి వద్ద రెండుగా విడదీసింది. నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు ఉన్న భాగం దక్షిణ కోస్తా రైల్వేలోని విశాఖపట్నం డివిజన్‌కు దక్కింది. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ వరకు ఉన్న భాగం తూర్పు కోస్తా రైల్వేలో కొత్తగా ఏర్పడే రాయగడ డివిజన్‌కు వెళ్లింది. దేశంలోని రైలు మార్గాల మొత్తం పొడవుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాని దూరం. అయినా ఒక చిన్న మార్గం ఎవరి చేతిలో ఉండాలి, దాని మీద బండ్లు ఎవరు నడపాలి, వచ్చిన రాబడి ఎవరికి చెందాలి అన్న ప్రశ్నలు ఈ పట్టాలను 125 ఏళ్లుగా వెంటాడుతున్నాయి. ఒక జమీందారీ, రైల్వే కంపెనీలు, నాలుగు ప్రభుత్వ జోన్లు వీటి చరిత్రలో భాగస్వాములు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. స్టేషన్ నుంచి ఐఐటీ ప్రాంగణం వైపు వెళ్లే దారిలోని పూరీ గేట్ ప్రాంతంలోనూ, మథురాకాటి, నింపురా వంటి రైల్వే పేటల్లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం గంజాం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైల్వే కొలువుల కోసం తరలివెళ్లినవే. అక్కడి వీధుల్లో నేటికీ వినబడే తెలుగులో ఉత్తరాంధ్ర యాస స్పష్టంగా ఉంటుంది. వారిని అంత దూరం తీసుకువెళ్లింది బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ. తెలుగునాట దానికి బి.ఎన్.ఆర్. అన్న పొడి పేరే స్థిరపడింది. ఆ కంపెనీ ఎదుగుదలలో పెద్ద భాగం ఇతరులు వేసిన మార్గాలను స్వాధీనం చేసుకోవడమే.

కంపెనీ పుట్టుకలోనే స్వాధీనం

బి.ఎన్.ఆర్. 1887లో ఏర్పడింది. దాని తొలి కర్తవ్యాలలో ఒకటి నాగపూర్-ఛత్తీస్‌గఢ్ రైల్వేను చేతిలోకి తీసుకోవడం. నాగపూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు ప్రభుత్వం వేసిన ఆ మార్గం మీటర్ గేజ్. ఛత్తీస్‌గఢ్ ధాన్యాన్ని బయటికి తరలించడానికి అది పుట్టింది. కంపెనీ దానిని బ్రాడ్ గేజ్‌గా మార్చి తూర్పున ఆసన్‌సోల్ వరకు పొడిగించింది. 1891 నాటికి ఆ మార్గంలో సరకు బండ్లు నడిచాయి. ఒక ప్రాంతపు ధాన్యపు లైను ఈ విధంగా బొంబాయి, కలకత్తాలను కలిపే ప్రధాన మార్గంలో ముక్కగా మారింది.

ఖరగ్‌పూర్ దాని తరువాతి మెట్టు. 19వ శతాబ్దం ముగిసే వేళకు హౌరా, కటక్, సీనీ దిక్కుల నుంచి వచ్చే మార్గాలు అక్కడ కలిశాయి. ఎర్రమట్టి నేలలో ఒక చిన్న ఊరు కూడలి అయింది, ఆపై కర్మాగారం అయింది, ఆపై ఒక నగరమే అయింది. ఆ స్టేషన్‌లోని 1072 మీటర్ల ప్లాట్‌ఫారం చాలా ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్, తరువాత హుబ్బళ్లి దానిని మించాయి. పాఠ్యపుస్తకాల్లో ఖరగ్‌పూర్ పేరు ఈ ఒక్క వాక్యంగానే మిగిలిపోవడం కొంత అన్యాయమే. ఆ ఊరి అసలు ప్రాధాన్యం వర్క్‌షాపులోనూ, నింపురా సరకుల యార్డులోనూ ఉంది.

దక్షిణాన మరొక మార్గం అదే కాలంలో రూపుదిద్దుకుంది. బెజవాడ నుంచి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేను ప్రభుత్వమే 1893-1896 మధ్య నిర్మించింది. ఆ మార్గం ఎక్కువ కాలం ఒక్కటిగా నిలవలేదు. 1901లో వాల్తేరుకు దక్షిణ భాగం మద్రాసు రైల్వే కంపెనీకి వెళ్లింది. 1902లో కటక్ వరకు ఉన్న ఉత్తర భాగం, పూరీ శాఖతో సహా, సుమారు 514 కిలోమీటర్లు బి.ఎన్.ఆర్. పరమయింది. తెలుగునేల మీద రైల్వేల ఎల్లలు వాల్తేరు వద్ద తెగడం ఆనాటి నుంచే మొదలయింది. విశాఖకు ప్రత్యేక జోన్ కావాలన్న కోరిక మూలాలు వెదికితే అవి ఈ పంపకం దగ్గర తేలుతాయి.

రాజావారి పట్టాలు

ఈస్ట్ కోస్ట్ మార్గం సముద్రతీరానికి సమాంతరంగా నౌపడ మీదుగా సాగింది. పర్లాకిమిడి పట్టణం అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల లోపల ఉండిపోయింది. ఆనాటి పర్లాకిమిడి జమీందారు గౌరచంద్ర గజపతి తన పట్టణాన్ని ప్రధాన మార్గంతో కలపడానికి సొంత సొమ్ముతో రైలు మార్గం వేయ సంకల్పించారు. 1898లో ప్రభుత్వం అనుమతించింది. సుమారు 7 లక్షల రూపాయల వ్యయంతో, రెండేళ్లలో పని పూర్తయింది. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే రాకపోకలకు తెరచుకుంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అనగా 762 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజ్‌లో సగానికంటె తక్కువ.

చిన్న గేజ్ ఎంపికకు కారణం ఖర్చు. వంపులు బిగువుగా తిప్పవచ్చు, కట్టలు సన్నగా వేయవచ్చు, వంతెనలు తేలికగా కట్టవచ్చు. ఆ పొదుపుకు మూల్యం నౌపడలో చెల్లించవలసి వచ్చింది. చిన్న బండిలో వచ్చిన ప్రతి బస్తా అక్కడ దిగి, కూలీల భుజాల మీదుగా పెద్ద బండిలోకి ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో నౌపడ కొటారుల ఉప్పు, బయటి నుంచి వచ్చిన బట్టలు, ఇనుము అదే విధంగా పెద్ద బండి నుంచి చిన్న బండిలోకి మారాలి. లోపలి ప్రాంతం నుంచి వచ్చేది ప్రధానంగా ధాన్యం, కలప, అడవి ఉత్పత్తులు. బరువు ఎక్కువ, ధర తక్కువ. రెండుసార్లు దించి ఎక్కించే ఖర్చు ఇటువంటి సరకుపై గట్టిగా పడుతుంది.

చిన్న రైల్వేల ఆర్థిక స్థితిని అర్థం చేసుకోవడానికి ఒక లెక్క చాలు. పర్లాకిమిడిలో ఎక్కిన బస్తా చిన్న మార్గం మీద 40 కిలోమీటర్లు, పెద్ద మార్గం మీద 760 కిలోమీటర్లు ప్రయాణించిందని అనుకుందాం. కిరాయిని దూరాన్ని బట్టి పంచితే చిన్న మార్గానికి దక్కేది నూటికి 5 వంతులు. బస్తాను బుక్ చేసే గుమాస్తా, తూచే కాటా, గోదాము, కాపలా, షంటింగు మాత్రం చిన్న మార్గం ఖర్చే. కిరాయి ఎలా పంచుకోవాలన్న ఒప్పందంలోని ఒక్క షరతు మీదనే ఇటువంటి లైను బ్రతుకు ఆధారపడుతుంది. ఆ షరతు రాయడంలో పైచేయి సహజంగా పెద్ద కంపెనీదే. నౌపడ దాటిన తరువాత వేరే దారి లేదని ఇరుపక్షాలకూ తెలుసు.

పర్లాకిమిడి రైల్వే తొలి ఏళ్లు నష్టాల్లోనే గడిచాయి. ఈస్ట్ కోస్ట్ ఉత్తర భాగం బి.ఎన్.ఆర్. చేతికి వచ్చాక ఈ చిన్న మార్గం నిర్వహణ కూడా ఆ కంపెనీ కిందికి చేరింది. పట్టాలు రాజావారివి, బండి నడిపేది కంపెనీ. 1910 తరువాత స్వల్ప లాభాలు కనిపించాయి. 1924-25 తరువాత అవి పెరిగాయి. ఆ ధైర్యంతో తరువాతి గజపతి కృష్ణచంద్ర హయాంలో మార్గాన్ని రెండు విడతలుగా, 1929లోనూ 1931లోనూ, గుణుపూర్ వరకు పొడిగించారు. టెక్కలి, తెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా వంశధార లోయ పొడవునా చిన్న రైలు తిరిగింది.

అయిదేళ్లు గడిచాయో లేదో ఆ మార్గం మీద రాష్ట్రాల సరిహద్దు పడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయింది. అప్పటివరకు మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉన్న పర్లాకిమిడి పట్టణం ఒడిశాకు వెళ్లింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం తెలుగు పక్షాన నిలిచాయి. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి మహేంద్రతనయ దాటితే చాలు. ఆ పట్టణంలో దశాబ్దాలపాటు ఉపాధ్యాయుడిగా పనిచేసి, సవర భాషకు వ్యాకరణ, నిఘంటువులు కూర్చి, వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపిన గిడుగు వెంకట రామమూర్తి ఆ ఏడాదే పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. పట్టణాన్ని ఒడిశాలో చేర్చడాన్ని ఆయన అంగీకరించలేకపోయారు. రైలు మాత్రం ఇరువైపులా తిరుగుతూనే ఉంది. ఒకే యజమాని, ఒకే నిర్వాహక సంస్థ ఉండడం వల్ల సరిహద్దు పట్టాలకు అడ్డుపడలేదన్నది గమనించదగిన విషయం.

ఖరగ్‌పూర్‌కు మరింత చేరువలో ఇటువంటిదే ఇంకొకటి ఉండేది. బాలేశ్వర్ సమీపంలోని రూప్సా నుంచి బారిపదా వరకు మయూర్‌భంజ్ మహారాజు శ్రీరామచంద్ర భంజదేవ్ వేయించిన చిన్న మార్గం 1905లో తెరచుకుంది. 1920లో తాల్‌బంద్ వరకు పొడిగింది. దానికీ గేజ్ రెండున్నర అడుగులే, దానినీ నడిపింది బి.ఎన్.ఆర్. సంస్థే. అదే సంస్థానంలోని గొరుమహిసాని ఇనుప ఖనిజం మాత్రం ఈ చిన్న మార్గానికి దక్కలేదు. టాటా కర్మాగారం దిశ నుంచి కంపెనీ బ్రాడ్ గేజ్ శాఖ వేసి ఆ ఖనిజాన్ని అందుకుంది. లాభసాటి సరకు ఎక్కడ ఉంటే పెద్ద పట్టాలు అక్కడికి వెళ్లాయి. కలప, ధాన్యం, ప్రయాణికులు చిన్న పట్టాలకు మిగిలాయి.

పనివారు

లైన్లు చేతులు మారిన ప్రతిసారీ కాగితాల మీద కనబడేది మైళ్లు, రూపాయలు. పనివారి సంగతి వేరు. కొత్త యాజమాన్యం మొదట చూసేది మనుషుల సంఖ్యనే. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న కాలంలో, 1927లో, జీతాలు, ఉద్యోగాల తొలగింపు అంశాలపై బి.ఎన్.ఆర్. కార్మికులు సమ్మె చేశారు. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి ఆ కార్మికుల సంఘానికి నాయకులలో ఒకరు. దేశ రాష్ట్రపతిగా ప్రసిద్ధుడైన గిరిగారి కార్మిక జీవితంలో ఖరగ్‌పూర్ పోరాటం తొలి అధ్యాయాలలో ఒకటి. తొలగింపులకు వ్యతిరేకంగా సాగిన ఆ ఆందోళన దేశమంతటా రైల్వే కార్మిక సంఘాలకు బలాన్నిచ్చింది.

బి.ఎన్.ఆర్. యాజమాన్యాన్ని ప్రభుత్వం 1944 అక్టోబర్ 1న తీసుకుంది. 1952లో అది తూర్పు రైల్వేలో భాగమయింది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వేగా విడివడింది. రాజులు వేసిన మార్గాలు కూడా ప్రభుత్వ రైల్వేలో కలిసిపోయాయి. ఆ విలీనం వల్ల పర్లాకిమిడి లైనుకు ఒక రక్షణ లభించింది. సొంత రాబడితో బ్రతకవలసిన అగత్యం తప్పింది.

ఆ రక్షణ లేని లైన్లకు ఏమయిందో హౌరా పరిసరాల్లో తెలుస్తుంది. హౌరా-ఆమ్తా, హౌరా-శియాఖాలా చిన్న మార్గాలను మార్టిన్ కంపెనీ నడిపేది. 19వ శతాబ్దం చివర మొదలైన ఆ బండ్లు బస్సులు, లారీల పోటీకి తాళలేక 1971లో ఆగిపోయాయి. మహారాష్ట్రలోని విదర్భలో పత్తి రవాణాకు పుట్టిన శకుంతల రైలు మార్గం మరొక తీరు. స్వాతంత్ర్యం తరువాత కూడా దశాబ్దాలపాటు దాని పట్టాలు ప్రైవేటు కంపెనీ సొత్తుగానే ఉన్నాయి. బండ్లు నడిపింది మధ్య రైల్వే. యజమాని ఒకరు, నడిపేది మరొకరు అయినప్పుడు పాత పట్టాల మీద పెట్టుబడి పెట్టవలసింది ఎవరన్న ప్రశ్నకు అక్కడ సమాధానం దొరకలేదు. పట్టాలే శిథిలమయ్యాయి.

అమెరికా మార్గం

చిన్న రైల్వేలు మూతపడడమే వాటి విధి అనుకోనక్కరలేదు. అమెరికాలో దీనికి భిన్నమైన చరిత్ర ఉంది. 1980లో అక్కడ చేసిన స్టాగర్స్ చట్టం రైల్వే కంపెనీలపై ధరల నియంత్రణను సడలించింది, లాభం లేని శాఖలను వదిలించుకోవడాన్ని సులభం చేసింది. పెద్ద కంపెనీలు వేలాది మైళ్ల శాఖా మార్గాలను చిన్న కంపెనీలకు అమ్మాయి లేదా కౌలుకు ఇచ్చాయి. వీటినే షార్ట్‌లైన్ రైల్వేలు అంటారు. ఇప్పుడు అక్కడ ఇటువంటివి సుమారు 600 ఉన్నాయి. అవి నడిపే పట్టాలు దేశంలోని సరకు రవాణా మార్గాలలో దాదాపు 30 శాతం. ఒక ధాన్యపు గోదాము, ఒక కాగితపు మిల్లు, ఒక రాతి క్వారీ నుంచి అయిదో పదో వ్యాగన్లు తెచ్చి జంక్షన్‌లో పెద్ద కంపెనీకి అప్పగించడం వాటి పని. సిబ్బంది తక్కువ. ఉదయం బండి నడిపిన వ్యక్తే మధ్యాహ్నం ఖాతాదారుతో మాట్లాడడం అక్కడ వింత కాదు.

వీటిలో పెద్దదైన జెనెసీ అండ్ వయోమింగ్ సంస్థ మూలం చూస్తే నౌపడ గుర్తుకు రాక మానదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1899లో, పర్లాకిమిడి రైలుకు ఒక్క ఏడాది ముందు, అది పుట్టింది. పొడవు 14 మైళ్లు, ప్రధాన సరకు ఉప్పు. రెట్‌సాఫ్ ఉప్పు గని దాని ఆధారం. 1994లో ఆ గని పైకప్పు కూలి నీటితో నిండిపోయింది. ఒక్క ఖాతాదారుని నమ్ముకున్న లైను అయితే అక్కడితో ముగిసి ఉండేది. అప్పటికే ఆ సంస్థ ఇతర చోట్ల శాఖలు కొనుగోలు చేసి ఉండడం వల్ల నిలదొక్కుకుంది. నేడు దాని చేతిలో వందకు పైగా చిన్న రైల్వేలు ఉన్నాయి.

ఈ విధానాన్ని యథాతథంగా భారతదేశానికి తేవచ్చునా? తేలికగా అవునని చెప్పలేము. అమెరికాలో చిన్న కంపెనీ వ్యాగన్లు ఒక్కొక్కటిగా తెచ్చినా పెద్ద కంపెనీ అందుకొని యార్డులో కూర్చి పంపుతుంది. భారతీయ రైల్వే 1980ల నుంచి విడి వ్యాగన్ల రవాణాను క్రమంగా విడిచిపెట్టి, ఒకే చోట నిండి ఒకే చోట ఖాళీ అయ్యే పూర్తి ర్యాకులకు మళ్లింది. బొగ్గు తరలించే ఒక ర్యాకులో 58 దాకా వ్యాగన్లు ఉంటాయి. టెక్కలి వర్తకుని దగ్గర అన్ని వ్యాగన్ల సరకు ఎన్నడూ ఉండదు. అతడు లారీని పిలుస్తాడు. చిన్న స్టేషన్లలో సరకు షెడ్లు వెలవెలబోవడానికి లారీ ఎంత కారణమో, ఈ విధానపు మార్పు కూడా అంతే కారణం.

మన దేశంలో కొత్త తరహా కంపెనీలు పుట్టాయి గాని అవి రేవుల చుట్టూ పుట్టాయి. గుజరాత్‌లో ఏర్పడిన పిపావావ్ రైల్వే కార్పొరేషన్ సురేంద్రనగర్ నుంచి రేవు వైపు ఉన్న పాత మీటర్ గేజ్‌ను బ్రాడ్ గేజ్‌గా మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఏర్పడిన కృష్ణపట్నం రైల్వే కంపెనీ రేవును గుంతకల్లు వైపు మార్గంతో కలపడానికి పుట్టింది. వెలిగొండల కింద 6.6 కిలోమీటర్ల సొరంగంతో, ఓబులవారిపల్లె-వెంకటాచలం మార్గం 2019 సెప్టెంబర్ 1న ప్రారంభమయింది. ఈ కంపెనీల్లో రైల్వే సంస్థలకూ, రేవు వంటి వినియోగదారులకూ వాటాలు ఉంటాయి. బండ్లను నడిపేది మాత్రం జోనల్ రైల్వే. కిరాయిలో వాటా కంపెనీకి వస్తుంది. గజపతి రాజులు, బి.ఎన్.ఆర్. మధ్య నడిచిన పద్ధతికి ఇది ఆధునిక రూపమనే చెప్పాలి.

పెద్ద పట్టాలు వచ్చాక

నౌపడ-గుణుపూర్ చిన్న రైలు 2004 జూన్‌లో చివరి పరుగు తీసింది. అప్పటికి ఆ మార్గం 2003 ఏప్రిల్ 1న పనిచేయడం ఆరంభించిన తూర్పు కోస్తా రైల్వేలో ఉంది. పట్టాల మార్పిడికి ఏళ్లు పట్టింది. ఆ కాలమంతా వంశధార లోయ ప్రజలు బస్సులపైనే ఆధారపడ్డారు. 2011 నాటికి బ్రాడ్ గేజ్ బండ్లు గుణుపూర్ చేరాయి. నౌపడలో బస్తాలు దించి ఎక్కించే అవసరం శాశ్వతంగా పోయింది. విశాఖ, పూరీల వైపు నేరుగా బండి దొరికింది. చిన్న రైలు చూడడానికి వచ్చే రైలు అభిమానులు మాత్రం రావడం మానేశారు.

ఈ శాఖ స్వభావాన్నే మార్చగల నిర్ణయం 2024 ఆగస్టులో వెలువడింది. గుణుపూర్ నుంచి తేరుబలి వరకు 73.62 కిలోమీటర్ల కొత్త మార్గానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తేరుబలి విజయనగరం-రాయ్‌పూర్ మార్గం మీద రాయగడకు ఉత్తరాన ఉంది. ఆ ముక్క పూర్తయితే గుణుపూర్ ఇక చివరి స్టేషన్ కాదు. కొండల అవతలి ఖనిజ ప్రాంతం నుంచి తీరపు ప్రధాన మార్గానికి విజయనగరం తగలకుండా రెండో దారి ఏర్పడుతుంది. ధాన్యం, ఉప్పు మోయడానికి పుట్టిన లైను మీద పూర్తి ర్యాకులు నడిచే అవకాశం తొలిసారి కనిపిస్తుంది.

సరిగ్గా ఆరు నెలల తరువాత వచ్చిన డివిజన్ విభజన ఈ దారిని మధ్యలో రెండు జోన్లకు పంచింది. సరకు పంపేవారికి దీనివల్ల కిరాయి మారదు. భారతీయ రైల్వేలో కిరాయి మొత్తం దూరాన్ని బట్టి లెక్కిస్తారు, ఎన్ని జోన్లు దాటినా ఒకే రశీదు. తేడా వచ్చేది ర్యాకుల కేటాయింపు, సిబ్బంది మార్పిడి, పట్టాల మరమ్మతుకు బండ్లు నిలిపే వేళల నిర్ణయం వంటి పనుల్లో. ఇదివరకు వాల్తేరులోని ఒక కంట్రోల్ గది తేల్చిన విషయాలను ఇకపై విశాఖపట్నం, రాయగడ మాట్లాడుకొని తేల్చాలి. సరిహద్దు దాటి నడిచే ప్రయాణికుల బండ్ల సంగతీ అంతే. పాతపట్నం విద్యార్థి, కాశీనగర్ రైతు కోరే అదనపు బండికి రెండు జోన్ల సమ్మతి కావాలి.

ఉద్యోగుల విషయంలో, జోన్ మారినప్పుడు ఎటు ఉండదలిచారో తెలపమని ఐచ్ఛికాలు కోరడం రైల్వేలో చిరకాలంగా ఉన్న పద్ధతి. ఎంచుకున్న వైపు సీనియారిటీ జాబితాలో స్థానం, పిల్లల చదువు భాష, పదవీ విరమణ తరువాత స్థిరపడే ఊరు ఆ ఒక్క కాగితంతో ముడిపడి ఉంటాయి. 1955లోనూ 2003లోనూ జోన్ల గీతలు కదిలాయి. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలు ఆ మార్పుల్లో బెంగాల్ వైపు ఆగ్నేయ రైల్వేలో ఉండిపోయాయి. వారి స్వస్థలాల మీదుగా వెళ్లే పట్టాలు మరొక జోన్‌కు వెళ్లాయి. ఇప్పుడు అదే వరుసలో పర్లాకిమిడి స్టేషన్ వంతు వచ్చింది. ఒడిశా నేల మీద ఉన్న ఆ స్టేషన్ విశాఖపట్నం డివిజన్‌కు చివరి స్టేషన్ కానుంది. దాని తరువాతి సిగ్నల్ నుంచి బాధ్యత రాయగడది.